జింక వేటకు మొదటి రైఫిల్: .243 కాదు, .300 మాగ్నమ్ కాదు, ముందు మీ భుజం సంగతి చూడండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. వేట భద్రత కోర్సు పాసయ్యారు, వచ్చే సీజన్‌కి లైసెన్సు తీసుకుంటున్నారు. ఇంతవరకూ .22 (ఈ అంకెలన్నీ తూటా రకాల పేర్లు, ఇది వాటిలో చిన్నది) తప్ప మరో రైఫిల్ కాల్చలేదు. వేటాడబోయేది చెట్ల మధ్య, పొలాల అంచుల్లో. 200 గజాలు దాటి కాల్చే పని పడదు. స్నేహితుడేమో ".243 చాలు" అంటున్నాడు. బావగారేమో "కొంటే .300 మాగ్నమే కొను, జన్మకి ఇంకోటి అక్కర్లేదు" అంటున్నారు. మాగ్నమ్ అంటే మందు ఎక్కువ పట్టే, బలం ఎక్కువున్న రకం. పైగా మావయ్యగారి పాత లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికి ఊపి లోడ్ చేసేది), .30-30, ఇంట్లో ఉంది. అది పనికొస్తుందా అని మూడో అనుమానం.

జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కొత్తది కొనేటట్టయితే బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనండి, అంటే ప్రతి దెబ్బకీ బోల్ట్ అనే పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకి తోసేది. కార్ట్రిడ్జ్ (అంటే తూటా రకం) .308 వించెస్టర్, 7ఎంఎం-08 రెమింగ్టన్, 6.5 క్రీడ్‌మోర్, ఈ మూడిట్లో ఏదైనా సరే. మీకు దగ్గర్లో ఏ తూటాలు ఏడాది పొడుగునా దొరుకుతాయో అదే తీసుకోండి. ఈ మూడిట్లో ఏది గొప్ప అని రాత్రంతా వాదించుకునేవాళ్ళు ఉన్నారు. జింకకి మాత్రం ఆ తేడా తెలియదు. లీవర్ రైఫిల్ సంగతి చివర్లో చెబుతాను, దానికి వేరే లెక్క ఉంది.

చట్టం మాట ఒకటి ముందు అనుకుందాం. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం, అందులో రెండో మాట లేదు. కాబట్టి ఇదంతా లైసెన్సుతో, సీజన్‌లో, చట్టబద్ధంగా వేట సాగే చోట్లకే. అక్కడ కూడా కాలిబర్ (బుల్లెట్ వ్యాసం) మన ఇష్టం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో చిన్న జాతులని మినహాయిస్తే జింకలకి .240 అంగుళాలకి తగ్గని కాలిబర్, రైఫిల్ గొట్టం చివర 1,700 ఫుట్-పౌండ్లకి (శక్తిని కొలిచే ప్రమాణం) తగ్గని శక్తి ఉండాలి. అమెరికాలోని కొలరాడోలో .24 కాలిబర్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్లు కనీసం. అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని ప్రాంతాల్లో మెడ సన్నబడని, తిన్నని గోడల కార్ట్రిడ్జ్‌లే వాడాలి. 2019లో వచ్చిన .350 లెజెండ్ లాంటివి ఆ నియమాన్ని చూసుకుని పుట్టినవే. మీ ప్రాంతం అలాంటిదైతే నేను పైన చెప్పిన మూడూ పక్కకి పోతాయి. ఆ సంవత్సరపు నియమాల పుస్తకం చదివాకే డబ్బు బయటికి తీయండి.

పేర్ల గందరగోళం కొంచెం విప్పాలి. మనం 'తూటా' అనే ఒక్క మాటతో రెండు వస్తువుల్ని పిలుస్తాం. ఇత్తడి గొట్టం, అడుగున ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూత), లోపల తుపాకి మందు, మూతి దగ్గర లోహపు ముక్క, ఈ మొత్తాన్నీ తూటా అంటాం. ఎగిరి వెళ్ళే ఆ లోహపు ముక్కనీ తూటా అనే అంటాం. ఇక్కడ మొత్తాన్ని తూటా అనీ, ఎగిరేదాన్ని బుల్లెట్ అనీ అంటాను. పేర్లలోని అంకెలకి ఒక పద్ధతంటూ లేదు. .308 అంటే బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో. కానీ .270 వించెస్టర్ బుల్లెట్ నిజానికి .277. .30-06లో 06 అంటే 1906, అది పుట్టిన సంవత్సరం. .30-30లో రెండో 30 మొదట్లో అందులో పోసిన మందు తూకం, గ్రెయిన్లలో (మందునీ బుల్లెట్‌నీ తూచే చిన్న కొలత). 7ఎంఎం-08 అంటే .308 ఇత్తడి గొట్టం మెడని 7 మిల్లీమీటర్లకి సన్నం చేసినది. .243 కూడా అదే గొట్టానికి ఇంకా సన్నటి మెడ. అంటే మీ స్నేహితుడు చెప్పినదీ నేను చెప్పిన మూడిట్లో రెండూ ఒక తల్లి పిల్లలే. .308 బయటికొచ్చింది 1952లో, .243 1955లో, 7ఎంఎం-08 1980లో.

ఇక అసలు విషయం. బావగారి మాట నేను కూడా ఒకప్పుడు విన్నాను.

నా మొదటి రైఫిల్ .300 వించెస్టర్ మాగ్నమే. అదీ తేలికపాటిది, ప్లాస్టిక్ బట్‌తో (భుజానికి ఆనించే భాగం). "ఎలాగూ కొంటున్నాం, పెద్దదే కొందాం" అనే లెక్క. రేంజ్‌లో బెంచీ మీద మొదటి మూడు దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. పొంగిపోయాను. ఆరో దెబ్బ నాలుగు అంగుళాలు కింద. ఎనిమిదోది కాగితం అంచున. స్కోప్ వదులైందేమో అని స్క్రూలు బిగించాను. మళ్ళీ అదే కథ. పక్క బెంచీలో ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "ఇటివ్వు బాబూ, నేను లోడ్ చేసి ఇస్తాను, నువ్వు గురి మీదే ఉండు" అన్నారు. బోల్ట్ వేసి చేతికిచ్చారు. నేను ఊపిరి బిగపట్టి ట్రిగ్గర్ నొక్కాను.

టక్.

లోపల తూటా లేదు. ఆయన ఖాళీ రైఫిల్ ఇచ్చారు. కానీ తూటా ఉన్నట్టే నా భుజం ముందుకి తోసింది, గొట్టం మూతి కిందికి దూకింది, స్కోప్‌లో గురి గీతలు కాగితం వదిలి కింద మట్టిలోకి పోయాయి. కళ్ళు మూసుకున్నానని కూడా అప్పుడే తెలిసింది. "స్కోప్ కాదు వదులైంది" అన్నారాయన, అంతే. ఇంకో పది సార్లు అలాగే ఇచ్చారు, ఎప్పుడు తూటా ఉందో ఎప్పుడు లేదో చెప్పకుండా. ఖాళీగా ఇచ్చిన ప్రతిసారీ మూతి దూకింది.

దీన్నే ఫ్లించ్ అంటారు. దెబ్బ తగులుతుందని ఒంటికి ముందే తెలిసి ట్రిగ్గర్ కదిలే క్షణంలోనే ముడుచుకుంటుంది. మనసు గట్టిగా ఉంటే సరిపోదు, ఇది మనసు మాట వినేది కాదు. వేటలో జింకని చూస్తే టెన్షన్‌లో తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి గుద్దడం) తెలియదు అని అంటారు. నిజమే, తన్ను నొప్పి తెలియదు. కానీ రేంజ్‌లో నేర్చుకున్న ముడుచుకోవడం మాత్రం చేతితోపాటే అడవికొస్తుంది. నాకు ఆ శరదృతువులోనే వచ్చింది. 80 గజాలు కూడా లేని ఆడ జింక, పక్కకి తిరిగి నిలబడి ఉంది. అంతకంటే సులువైన గురి ఉండదు. ముందరి కాలి వెనక తగలాల్సిన దెబ్బ పొట్టలో తగిలింది. అది పరుగెత్తిన దారిలో ఎండుటాకు మీద దొరికిన రక్తం ఎర్రగా లేదు, పచ్చటి గుజ్జు కలిసి, నీచు వాసనతో ఉంది. ఆ వాసన చూశాక ఎవరూ చెప్పక్కర్లేదు, ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది. పొట్టలో తగిలిన జింక వెంట వెంటనే పడకూడదు, అది ఇంకా దూరం పోతుంది. తెల్లారే వరకు ఆగి వెతికితే దొరికింది. దొరికింది కాబట్టి చెబుతున్నాను. దొరక్కపోతే ఈ మాట బయటపెట్టే ధైర్యం ఉండేది కాదేమో.

తన్నుకి లెక్కలున్నాయి. స్కోప్‌తో కలిపి 8 పౌండ్ల రైఫిల్ అనుకుంటే, .243 భుజాన్ని సుమారు 9 లేదా 10 ఫుట్-పౌండ్లతో తన్నుతుంది. 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08 అయితే 12 నుంచి 14. .308 అయితే 16 నుంచి 18. .30-06 దాదాపు 20. .300 మాగ్నమ్ 26 దాటుతుంది. బుల్లెట్ బరువుని బట్టి ఇవి అటూఇటూ అవుతాయి. రైఫిల్ తేలికైతే తన్ను పెరుగుతుంది, అందుకే "మోయడానికి హాయిగా ఉంటుంది" అని ఆరు పౌండ్ల రైఫిల్ కొనే కొత్తవాళ్ళని చూస్తే నాకు జాలి. రోజంతా మోస్తే ఒక పౌండు తేడా తెలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మీరు కాపు కాసి కూర్చునే వేట చేయబోతున్నారు, కొండలెక్కే వేట కాదు. .22 నుంచి వచ్చిన మనిషి 12-18 మధ్య తన్నుకి కొన్ని వారాల్లో అలవాటు పడతాడు. 20 దాటినవాటికి అలవాటు పడ్డామనుకునేవాళ్ళలో సగం మంది, ఖాళీ తూటా పరీక్ష పెడితే, నాలాగే దొరికిపోతారు.

గొట్టం మూతికి మజిల్ బ్రేక్ అనే కన్నాల తొడుగు బిగిస్తే తన్ను తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, మోత పెరుగుతుంది. మామూలు రైఫిల్ మోతే చెవికి శాశ్వతంగా హాని చేసేంత. బ్రేక్ మూతి నుంచి వచ్చే పేలుడు గాలిని పక్కలకి, వెనక్కి తిప్పి మీ చెవిలోనే పోస్తుంది. భుజం ఓర్చుకోగలిగినంత తన్ను ఉన్న రైఫిలే కొనుక్కుంటే ఆ అవస్థ ఉండదు. బ్రేక్ ఉన్నా లేకపోయినా చెవులకి రక్షణ మాత్రం మానొద్దు.

"మరి అంత శక్తి లేకపోతే జింక పడుతుందా?" అనేది బావగారి ప్రశ్న. లెక్క చూద్దాం. 150 గ్రెయిన్ల బుల్లెట్‌ని .308 సెకనుకి 2,820 అడుగుల వేగంతో వదిలితే గొట్టం చివర దాదాపు 2,650 ఫుట్-పౌండ్లు. 180 గ్రెయిన్ల బుల్లెట్‌ని .300 మాగ్నమ్ 2,960 అడుగులతో వదిలితే 3,500. కాగితం మీద పెద్ద తేడా. కానీ మీ దూరాల్లో జింక రొమ్ముకి అడ్డంగా పోయినప్పుడు రెండూ ఇటు దూరి అటు బయటపడతాయి. అవతలి చెట్టులో ఎంత లోతుకి దిగిందన్నదే మిగిలే తేడా. జింకని పడగొట్టేది ఫుట్-పౌండ్లు కాదు. ఊపిరితిత్తులకి, గుండెకి పడే కన్నం, దాంతో పోయే రక్తం. ఆ భాగం మామూలు జింకలో అటూఇటూగా 8 అంగుళాల పళ్ళెమంత. ఆ పళ్ళెంలో దెబ్బ పడితే .243 కూడా పడగొడుతుంది, పడకపోతే మాగ్నమ్ కూడా పరుగెత్తిస్తుంది. పైగా దగ్గర దూరంలో మాగ్నమ్ వేగానికి మెత్తటి బుల్లెట్ భుజం ఎముకకి తగిలిందంటే, ముందరి భాగం మాంసం రక్తపు గుజ్జే. వండుకోవడానికి మిగలదు.

మీ స్నేహితుడు తప్పేమీ చెప్పలేదు. .243లో 100 గ్రెయిన్ల బుల్లెట్ 2,960 అడుగులతో వెళ్తే దాదాపు 1,950 ఫుట్-పౌండ్లు, జింకకి అది చాలు. దానితో జీవితాంతం వేటాడినవాళ్ళు బోలెడు మంది. నా అభ్యంతరం ఒక్కటే. దానితో పిసరంత పొరపాటుకి కూడా చోటు తక్కువ. అదే కార్ట్రిడ్జ్‌లో చిన్న జంతువులకోసం చేసిన 55, 58 గ్రెయిన్ల బుల్లెట్లు పక్క పెట్టెలోనే ఉంటాయి. తెలియక అవి కొంటే చర్మం దాటగానే ముక్కలైపోతాయి, పైన పుండు, లోపల ఏమీ ఉండదు. జింక కొంచెం ఏటవాలుగా నిలబడి, భుజం ఎముక అడ్డం వచ్చిందనుకోండి, 140 గ్రెయిన్ల బుల్లెట్ దాటినంత నమ్మకంగా సన్నది దాటదు. కొత్తవాడికి ఏటవాలు దెబ్బ వదులుకునే ఓపిక తక్కువ. అందుకే .308 తన్ను ఎక్కువనిపిస్తే .243కి దిగేముందు 7ఎంఎం-08 గానీ 6.5 గానీ చూడమంటాను. అవీ ఎక్కువే అనిపిస్తే అప్పుడు .243. 95 లేదా 100 గ్రెయిన్ల జింక బుల్లెట్, లేకపోతే 80-85 గ్రెయిన్ల రాగి బుల్లెట్. ఎదుటి జింక పూర్తిగా పక్కకి తిరిగినప్పుడే కాల్చాలని ఒట్టు పెట్టుకోండి.

నాకు వ్యక్తిగతంగా ఏది ఇష్టమని అడిగితే 7ఎంఎం-08. కానీ దాని తూటాలు అన్ని చోట్లా దొరకవు, ఒక్కోసారి అలమరలో ఒకటే రకం ఉంటుంది. .308 దొరకని చోటు ఉండదు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ పదిహేనేళ్ళలో అంతకి దగ్గరగా వచ్చేసింది. దూరపు లక్ష్యాలకి పుట్టిన కార్ట్రిడ్జ్ అది, పొడవాటి సన్నటి బుల్లెట్ గాలిని చక్కగా కోసుకుపోతుంది. మీ 200 గజాల్లో ఆ గొప్పతనం బయటపడే అవకాశమే రాదు. ఈ మూడిట్లో ఏది తీసుకున్నా ఆ దూరంలో బుల్లెట్ దిగేది దాదాపు ఒకటే, మహా అయితే అంగుళం తేడా. .308ని 100 గజాల్లో సరిగ్గా గురికి కట్టుకుంటే (గురిపెట్టినచోటే పడేలా స్కోప్ సరిచేసుకుంటే) 200 దగ్గర సుమారు 4 అంగుళాలు దిగుతుంది. 100 దగ్గర 2 అంగుళాలు పైన పడేలా కట్టుకుంటే 200 దగ్గర గురిపెట్టినచోటే పడుతుంది. ఈ రెండో పద్ధతే మీకు నయం. దూరం లెక్క పెట్టుకోకుండా రొమ్ము మధ్యకి గురిపెట్టి కాల్చేయొచ్చు.

కార్ట్రిడ్జ్ గురించి పెట్టే బుర్రలో సగం బుల్లెట్ గురించి పెట్టండి. జంతువుని తాకేది అదొక్కటే. పెట్టెలన్నిటి మీదా అదే .308 అని రాసి ఉంటుంది, లోపలి బుల్లెట్‌ని బట్టి అవి వేర్వేరు పనిముట్లు.

మొదటిది పాత పద్ధతి మెత్తటి మూతి బుల్లెట్, రాగి తొడుగు, లోపల సీసం, ముక్కు దగ్గర సీసం బయటికి కనబడుతుంది. తాకగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. .308 వేగంలో, 150 గ్రెయిన్లలో, జింకకి దీన్ని మించినది అక్కర్లేదు. చవక కూడా. చిక్కల్లా మాగ్నమ్ వేగంలో తొడుగు, సీసం విడిపోవడం. ఆ చిక్కుకి విరుగుడుగానే తొడుగుకి సీసం అతికించిన బాండెడ్ బుల్లెట్లు, మధ్యలో రాగి గోడ ఉన్నవి వచ్చాయి. ఈ గోడ ఆలోచన జాన్ నోస్లర్‌ది. 1946లో ఒక పెద్ద మూస్ (జింక జాతిలోనే భారీ జంతువు) మీద ఆయన బుల్లెట్లు లోపలికి దిగకుండా పైపైనే పగిలిపోయాయి. అప్పుడు ముందు సగం విచ్చుకుని, వెనక సగం గోడ చాటున చెక్కుచెదరకుండా లోపలికి పోయే బుల్లెట్ తయారు చేశాడు. 1948 నుంచి పార్టిషన్ పేరుతో అమ్ముడవుతోంది. ఇంకా మంచి బుల్లెట్. మూస్ కోసం పుట్టింది, జింకకి కొంచెం ఎక్కువే.

ఆ తర్వాత మొత్తం రాగితో చేసినవి. ఇవి ముక్కలవవు, నాలుగు రేకులుగా విచ్చుకుని మొత్తం బరువుతో దాటిపోతాయి. సీసం ముక్కలు మాంసంలో మిగలవన్నది వీటి పెద్ద లాభం. సీసం బుల్లెట్ విచ్చుకున్నప్పుడు రాలే పొడి గాయానికి దూరంగా కూడా చేరుతుంది, కంటికి కనబడదు. ఇంట్లో చిన్నపిల్లలు ఆ మాంసం తింటారంటే నేను రాగే వాడతాను. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలు పూర్తిగా నిషేధం. రాగి విచ్చుకోవాలంటే వేగం కావాలి. అందుకని ఒక మెట్టు తేలికది తీసుకోండి, .308లో 150కి బదులు 130 గ్రెయిన్లు.

వేటకి వాడకూడనివి రెండు. పూర్తిగా రాగి తొడుగు వేసిన, సైన్యం తరహా బుల్లెట్లు విచ్చుకోవు. సన్నటి కన్నం పెట్టి పోతాయి, జింక మైళ్ళు పరుగెత్తి ఎక్కడో చస్తుంది. చాలా చోట్ల వేటకి అవి చట్టవిరుద్ధం కూడా. గురి పోటీలకి చేసిన బుల్లెట్లు చూడ్డానికి మూతికి చిన్న కన్నంతో విచ్చుకునేవాటిలా ఉంటాయి, కానీ వాటిలో చాలావాటి కన్నం తయారీలో మిగిలినదే తప్ప విచ్చుకోవడానికి పెట్టినది కాదు. పెట్టె మీద వేట అని రాసి ఉంటేనే తీసుకోండి.

రైఫిల్ విషయానికొస్తే పెద్దగా చెప్పేదేమీ లేదు, ఈ రోజుల్లో పేరున్న కంపెనీల చవక బోల్ట్ రైఫిళ్ళు కూడా 100 గజాల్లో మూడు దెబ్బలు అంగుళంన్నర లోపల పెడుతున్నాయి. జింకకి అది కావలసిన దానికంటే ఎక్కువ. గొట్టం 20-22 అంగుళాలు. ట్రిగ్గర్ మూడు పౌండ్ల దగ్గర, ఇసుక మీద ఈడ్చినట్టు కాకుండా, గాజు పుల్ల విరిగినట్టు తెగాలి. ఎడమచేతి వాటమైతే ఎడమచేతి బోల్ట్ అడగండి. మొహమాటపడి కుడిచేతిది తెచ్చుకుంటే, రెండో దెబ్బ అవసరమైనప్పుడల్లా చింతించాలి.

ఒంటికి కుదిరిందా లేదా అన్నది మాత్రం కొట్టులోనే తేల్చుకోవాలి. ఇలా చూడండి. రైఫిల్ ఖాళీగా ఉందని మీ కళ్ళతో, వేలితో చూసుకోండి. మూతి తిప్పడానికి ప్రమాదం లేని దిక్కు ఎటో అడిగి, కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి, చెంప హాయిగా ఆనేచోట ఆనించండి. అప్పుడు కళ్ళు తెరవండి. స్కోప్‌లో నిండు వృత్తం కనబడితే అది మీ రైఫిల్. నల్లటి నెలవంక కనబడి, మెడ చాచో చెంప ఎత్తో సరిచేసుకోవాల్సి వస్తే కాదు. చాలావాటికి ట్రిగ్గర్ నుంచి బట్ చివరి వరకూ 13.5 అంగుళాల దగ్గర ఉంటుంది. పొట్టివాళ్ళకి అది పొడుగు, అందులోనూ చలి కోటు తొడిగాక ఇంకా పొడుగు. బట్ కింద పలకలు తీసి పెట్టి పొడుగు మార్చుకునే రకాలున్నాయి. మీ ఎత్తు చెప్పలేదు కాబట్టి ఇది గుర్తుచేస్తున్నాను, కోటు తొడుక్కునే వెళ్ళండి.

స్కోప్: 3-9x40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు), చర్చ అనవసరం. చెట్లలో నడిచేటప్పుడు 3 మీదే ఉంచుకోండి, దగ్గర్లో జింక లేచినప్పుడు 9 మీద ఉంటే గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఏమీ కనబడదు. కంటికీ స్కోప్‌కీ మధ్య మూడున్నర అంగుళాలు ఉండేలా బిగించాలి, లేకపోతే కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారపు మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఉన్నవాళ్ళు మాగ్నమ్ కొన్నారని అడక్కుండానే చెప్పొచ్చు. పొదలో కదిలిందేమిటో చూడ్డానికి స్కోప్ వాడొద్దు, అది మనిషి కావచ్చు. దానికి బైనాక్యులర్.

తూటా విషయంలో ఒక జాగ్రత్త ప్రాణంతో సమానం. గొట్టం మీద చెక్కిన పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు, రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి. దూరింది కదా అని కాల్చకూడదు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లో దూరుతుంది, బోల్ట్ మూసుకోవచ్చు కూడా. కాలిస్తే రైఫిల్ మొహం ముందే పేలుతుంది. ఇంట్లో రెండు రైఫిళ్ళు ఉండబోతున్నాయి కాబట్టి, వాటి తూటాలు ఒకే డబ్బాలో, ఒకే జేబులో పెట్టొద్దు.

సాధన గురించి. మాగ్నమ్ ధరకీ మామూలు రైఫిల్ ధరకీ తేడా ఎంత వచ్చినా దాన్ని తూటాలకి పెట్టండి. ఇరవై తూటాల పెట్టెలు రెండు మూడు రకాలు తెచ్చి, మీ రైఫిల్ దేన్ని ఇష్టపడుతుందో చూసి, ఆ రకం సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనేయండి. బెంచీ మీద గురి కట్టడం అయ్యాక బెంచీ వదిలేయండి. అడవిలో బెంచీ ఉండదు. కూర్చుని, మోకాలి మీద, కర్రల ఊతతో కాల్చండి. 8 అంగుళాల పేపర్ ప్లేటు పెట్టి 50 గజాల నుంచి మొదలుపెట్టి వెనక్కి జరగండి. ఐదుకి ఐదు ప్లేటులో పడే దూరమే మీ దూరం. నాలుగు పడితే అది మీ దూరం కాదు. ప్రతి రోజూ మొదటి దెబ్బ ఎక్కడ పడిందో రాసి పెట్టుకోండి, వేటలో మీకు దక్కేది చల్లటి గొట్టంతో ఆ మొదటి దెబ్బే. మధ్య మధ్యలో స్నేహితుణ్ణి లోడ్ చేసి ఇవ్వమనండి, చెప్పకుండా ఖాళీ ఉత్తుత్తి తూటా పెట్టమనండి. మూతి దూకిందంటే ఆ రోజుకి ఆపేసి .22 తీయండి. అలిసిపోయిన భుజంతో నేర్చుకునేది ముడుచుకోవడమే.

ఇక మావయ్యగారి లీవర్ రైఫిల్. .30-30 తూటా 1895 నాటిది, వించెస్టర్ 1894 మోడల్ లీవర్ రైఫిల్‌కోసం వచ్చింది. నూట ఇరవై ఏళ్ళకి పైగా జింకల్ని పడగొడుతూనే ఉంది. 150 గ్రెయిన్ల బుల్లెట్ 2,390 అడుగులతో బయల్దేరుతుంది. 150 గజాల లోపల జింకకి దీనికీ .308కీ తేడా తెలియదు. 100 దగ్గర గురి కట్టుకుంటే 150 దగ్గర మూడు అంగుళాలు దిగుతుంది, 200 దగ్గర ఎనిమిది దాకా. అందుకే 150 దగ్గర గీత గీసుకోండి. తన్ను .243కి కొంచెం అటూఇటూ, మీ భుజానికి మంచి బడి.

రెండు షరతులు. చాలావరకు లీవర్ రైఫిళ్ళలో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, వెనక బుల్లెట్ మూతి ముందు తూటా ప్రైమర్‌ని ఆనుకుని ఉంటుంది. మొనదేలిన గట్టి బుల్లెట్ అయితే, కాల్చినప్పటి కుదుపుకి ఆ ప్రైమర్ పేలే ప్రమాదం ఉంది. చదునైన మూతివి, లేదా లీవర్ రైఫిల్‌కోసమే చేసిన మెత్తటి రబ్బరు మొన ఉన్నవే వాడాలి. రెండోది, కాల్చేముందు తుపాకులు బాగుచేసేవారికి చూపించి, బోల్ట్ బిగువు, సుత్తి (ట్రిగ్గర్ నొక్కితే పడే భాగం) సగం ఎత్తులో ఆగే చోటు, గొట్టం లోపలి తుప్పు, ఈ మూడూ చూడమనండి. పాతవాటికి విడిగా సేఫ్టీ ఉండదు, సుత్తిని వేలితో మెల్లగా దించాలి. అది చలికి వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు జారే పని, ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో వంద సార్లు చేశాకే తూటాతో చేయండి.

అది పనికొస్తుందని తేలితే ఈ సీజన్‌కి కొత్తది కొనకపోయినా నష్టం లేదు. మావయ్యగారి అలమరలో ఎక్కడో సగం వాడిన తూటాల పెట్టె కూడా ఉండే ఉంటుంది. ఇత్తడికి పచ్చగా చిలుము పట్టి ఉన్నా, ఎన్నేళ్ళనాటివో ఆయనకే గుర్తులేకపోయినా, వాటిని పక్కన పెట్టి కొత్త పెట్టె తెచ్చుకోండి. 150 గ్రెయిన్లు, చదును మూతి.